ఫ్యాక్టరీలో కెరీర్ అంటే మెషిన్ దగ్గర నిలబడటమేనా?

కాదు, మెషిన్ నడపడం తయారీ రంగంలోని పనుల్లో ఒకటి మాత్రమే. డిజైన్, టూల్ తయారీ, క్వాలిటీ, మెయింటెనెన్స్, ప్లానింగ్ కూడా అందులోవే. ఒక వస్తువును ఒక్కసారి చేయడం వేరు, లక్షసార్లు ఒకే కొలతతో, అనుకున్న ఖర్చులో చేయడం వేరు. ఆ రెండోదానికి రకరకాల నైపుణ్యాలు కావాలి.

సీసాకి పెట్టే ప్లాస్టిక్ మూతనే తీసుకోండి. డిజైనర్ దాన్ని క్యాడ్‌లో, అంటే కంప్యూటర్‌లో డిజైన్లు గీసే సాఫ్ట్‌వేర్‌లో గీస్తారు. టూల్‌మేకర్ ఉక్కుతో అచ్చు చేస్తారు. ఇక్కడ కొలతలు మిల్లీమీటరులో వందో వంతు దాకా చూస్తారు, నిజంగా గొప్ప పనితనం ఇది. అచ్చులోకి పంపిన వేడి ప్లాస్టిక్ చల్లారేటప్పుడు కాస్త కుంచించుకుపోతుంది కాబట్టి అచ్చును ఆ మేరకు పెద్దగా చేయాలి. స్కూల్లో చదివిన సంకోచ వ్యాకోచాల పాఠం నేరుగా పనికొచ్చే చోటు ఇదే. ఉష్ణోగ్రత, ఒత్తిడి, చల్లారే సమయం సరిచూసేది ప్రాసెస్ టెక్నీషియన్. చివర్లో క్వాలిటీ వాళ్లు కొలుస్తారు.

రోబోలు వచ్చాక ఈ ఉద్యోగాలే ఉండవని చాలామంది అపోహ. ఎత్తడం, పేర్చడం లాంటి ఒకే రకం పనులు తగ్గుతున్న మాట నిజమే. కానీ రోబోకి ప్రోగ్రామ్ రాయాలి, అది ఆగిపోతే కారణం కనిపెట్టాలి. వీటిలో చాలా పనులకు ఇంజనీరింగ్ డిగ్రీ ఒక్కటే దారి కాదు, డిప్లొమాతోనో అప్రెంటిస్‌షిప్‌తోనో కూడా చేరవచ్చు.