టైమ్‌టేబుల్ గోడ మీదే ఉండిపోతోంది

ప్రశ్న: మాది సూర్యాపేట దగ్గర పల్లె, నాన్న వ్యవసాయం చేస్తారు. ఉస్మానియాలో పీహెచ్‌డీ నాలుగో ఏడాది, తార్నాకలో రూమ్. రోజుకు పన్నెండు గంటలు చదవాలని టైమ్‌టేబుల్ వేసుకుంటాను, మూడో రోజుకే తప్పుతుంది. టైమ్ కలిసొస్తుందని సాయంత్రం వాలీబాల్ మానేశాను. ఆ గంట కూడా మంచం మీద రీల్స్ చూడటంలోనే పోతోంది. పూర్తిగా రాశాకే చూపిద్దామని గైడ్‌ను రెండు నెలలుగా కలవలేదు. నాన్న ‘ఎప్పుడైపోతది బిడ్డా’ అంటారని ఫోన్ ఎత్తడం లేదు. నాకు చేతకాదేమో.

జవాబు: మానాల్సింది వదిలేసి వాలీబాల్ మానేశారు! రేపటి నుంచే మళ్లీ గ్రౌండ్‌కు వెళ్లండి. ఇది సరదాకి చెప్పడం లేదు. రోజంతా తప్పు చేసినట్టు కూర్చునే మనిషికి చదువు తలకెక్కదు.

పన్నెండు గంటల లెక్క చింపేయండి. పని ఎంతసేపు పడుతుందో తక్కువ అంచనా వేయడం మీ ఒక్కరి జబ్బు కాదు. 1994లో వెలువడిన ఒక అధ్యయనంలో, థీసిస్ ఎన్ని రోజుల్లో ఇస్తారని డిగ్రీ విద్యార్థులను అడిగితే సగటున 34 రోజులన్నారు. పట్టింది దాదాపు 56.

పొద్దున టీ తాగి, ఫోన్ బ్యాగులో పడేసి, రెండు గంటలు కూర్చోండి. ‘మూడో చాప్టర్ రాయాలి’ అనుకుంటే చెయ్యి కదలదు. ‘రెండో పట్టిక కింద నాలుగు వాక్యాలు’ అని ముందురాత్రే చీటీ రాసి ల్యాప్‌టాప్ మీద అంటించుకోండి. ఆ నాలుగూ అయితే చాలు, ఆ రోజు పాసే.

ఈ వారంలోనే గైడ్‌ను కలవండి, రాసింది పది పేజీలే అయినా సరే. గైడ్లు తిడతారు, నిజమే. కానీ కనిపించని స్కాలర్‌కే ఎక్కువ తిట్లు. యూజీసీ నిబంధనల్లో పీహెచ్‌డీకి మామూలు గడువు గరిష్ఠంగా 6 ఏళ్లు, మీరింకా దాటిపోలేదు. నిద్ర, ఆకలి కూడా తగ్గి ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇక నాన్నగారు. ఆయన అడిగేది తేదీ కాదు, మీ క్షేమం. ఆయనకంటే ముందు మీరే ఫోన్ చేసి ‘మూడోది సగమైంది నాన్నా, ఇంకా రెండున్నయి’ అని చెప్పండి. నాటు ఎంతవరకు వచ్చిందో చెప్తే అర్థం చేసుకునే మనిషే కదా.