ఇసుక మేట వేసిన మడి: ముందు కొలత, తర్వాతే జేసీబీ

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా సంగం మండలం. పెన్నా వరదకు గట్టు తెగి మా రెండున్నర ఎకరాల వరి మడి మేటేసింది. ఎకరం మేర అర అడుగు, మిగతా చోట రెండంగుళాలు ఉంది. నాకున్నది ఆ పొలమే. జేసీబీతో తీయించేద్దామనుకుంటున్నాను. ప్రభుత్వ సాయం ఎంత వస్తుంది? – ఓ రైతు

జవాబు: మేట నష్టం అధికారుల దగ్గర నమోదు అయ్యేదాకా జేసీబీని మడిలోకి దించకండి. ఇసుక తీసేశాక మేట ఎంత ఉండేదో ఏ అధికారీ రాయలేరు, సాయం పోయేది ఎక్కువగా అక్కడే. రైతు సేవా కేంద్రంలో వ్యవసాయ సహాయకుడికి, వీఆర్వోకు నష్టం సంగతి రాతపూర్వకంగా ఇవ్వండి. మడి నాలుగు మూలలా, నడిమధ్యా పాత మట్టి తగిలేదాకా గుంట తీసి, స్కేలు నిలబెట్టి ఫొటోలు తీసుకోండి. గట్టు వారన ఒక్కచోటే కొలిస్తే లెక్క తప్పుతుంది. నష్టపోయిన రైతుల జాబితా సచివాలయంలో పెట్టినప్పుడు సర్వే నంబరు, విస్తీర్ణం సరిచూసుకుని, తేడా ఉంటే అప్పుడే అభ్యంతరం రాసివ్వండి.

2022–26 విపత్తు సహాయ నిబంధనల ప్రకారం మేట 3 అంగుళాలు దాటితేనే, అదీ 2 హెక్టార్ల లోపు భూమి ఉన్న చిన్న, సన్నకారు రైతులకే, హెక్టారుకు రూ.18,000. మీకు ఎకరమే లెక్కలోకి వస్తుంది, అంటే దాదాపు రూ.7,200. పంట నష్టం 33 శాతం, ఆపైన ఉంటే ఇచ్చే ఇన్‌పుట్ సబ్సిడీ వేరే పద్దు. దానికి మీ పంట ఈ-పంటలో (ప్రభుత్వ పంట నమోదులో) నమోదై ఉండాలి, కాబట్టి రెండూ విడివిడిగా రాయించండి. బ్యాంకు ఖాతాకు ఆధార్ అనుసంధానం లేకపోతే మంజూరైన డబ్బూ ఆగిపోతుంది.

ఈ సాయంతో ఖర్చంతా తీరదని ముందే తెలుసుకోవాలి. ఎకరంలో అర అడుగు మేటంటే 21,780 ఘనపుటడుగులు. 100 ఘనపుటడుగులు పట్టే ట్రాక్టర్ తొట్టికి దాదాపు 218 లోడ్లు! అందుకే అంతా తోడించకండి. అంగుళం, రెండంగుళాలు వదిలేసి పైది మాత్రం తీయించండి. పాత మట్టి రంగు కనిపించిందంటే బకెట్ ఆపించాలి. ఏళ్ల తరబడి పెంచుకున్న పైమట్టి పోతే ఇసుక కన్నా పెద్ద నష్టం. తీసిన ఇసుకను గనుల శాఖ అనుమతి లేకుండా బయటికి తోలొద్దు. గండిని ఒట్టి ఇసుకతో పూడ్చినా నిలవదు, బంకమట్టి కావాలి.

రెండంగుళాలున్న చోట అసలు తీయాల్సిన పనే లేదు. ముందు గాజు సీసాలో ఆ మేట కొంచెం వేసి నీళ్లు పోసి ఊపండి. నిమిషంలో అడుగుకు చేరితే ఇసుక. గంటల తరబడి నీళ్లు మురికిగానే ఉంటే ఒండ్రు, అది పొలానికి బలమే. ఇసుకైతే పదును చూసి రెక్క నాగలితో 8–9 అంగుళాల లోతు తిరగదున్నండి. రోటవేటరు ఒక్కటే వేస్తే పైన నాలుగైదు అంగుళాలే కలుస్తుంది, నీరు నిలవదు, యూరియా కిందికి కారిపోతుంది.

ఆ తర్వాత ఎకరాకు 10–12 కిలోల జీలుగ (పచ్చిరొట్ట పైరు) విత్తనం చల్లి, పూత దశలో కలియదున్నండి. చెరువు మట్టి దొరికితే వదలొద్దు. నాటే ముందు ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటు వేయండి, భాస్వరం ఎరువుతో మాత్రం కలపకూడదు. రెండింటికీ మూడు రోజుల ఎడం ఉండాలి. మొదటి ఏడాది యూరియా మోతాదు పెంచకుండా, మూడు దఫాల బదులు నాలుగు దఫాలుగా చల్లండి.