థర్డ్ మేట్‌గా ఓడెక్కుతున్న మేనల్లుడికి

సోంపేట,
ఆదివారం పొద్దుట.

అల్లుడూ,

సెకండ్ మేట్ పరీక్ష పాసయ్యావని మీ అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను తోటలో కొబ్బరికాయలు లెక్కపెట్టిస్తున్నాను. ఆ సంతోషంలో లెక్క తప్పి మళ్ళీ మొదట్నించీ పెట్టించాను. చేతిలో ఉన్నది సెకండ్ మేట్ సర్టిఫికెట్టు, ఎక్కబోయేది థర్డ్ మేట్ ఉద్యోగం, అంటే కెప్టెన్ కింద మూడో ఆఫీసరు. ఇది ఊళ్ళో ఎవరికీ అర్థం కాదు. విప్పి చెప్పే ఓపిక పెట్టుకోకు, నేను ముప్పై ఏళ్ళు చెప్పి ఊరుకున్నాను.

కేడెట్‌గా 18 నెలలు తిరిగొచ్చినవాడివి, సముద్రం నీకు కొత్త కాదు. సంతకం కొత్త. ఇన్నాళ్ళూ పని నువ్వు చేస్తే సంతకం ఇంకొకరు పెట్టారు. ఇకనుంచి పని డెక్కు కళాసీల పెద్ద సారంగు చేసినా, కేడెట్ చేసినా కింద పడేది నీ పేరు. నువ్వు అడిగిన నాలుగు ముక్కలూ రాద్దామని కూర్చుంటే అన్నీ ఈ సంతకం చుట్టూనే తిరుగుతున్నాయి.

నీ వాచ్, అంటే ఓడ నడిపించే వంతు, పొద్దున్న 8 నుంచి 12, మళ్ళీ రాత్రి 8 నుంచి 12. తెల్లారగట్ట 4 నుంచి 8, సాయంత్రం 4 నుంచి 8 చీఫ్ ఆఫీసరుది. పన్నెండు నుంచి నాలుగు సెకండ్ మేట్‌ది, పాపం వాడికి పగలు నిద్ర, రాత్రి నిద్ర రెండూ సగం సగమే. కెప్టెన్ మెలకువగా ఉండే వేళలే నీకిచ్చారు. కొత్తవాడి మీద ఓ కన్ను ఉండాలని. దానికి చిన్నబుచ్చుకోకు.

రాత్రి ఎనిమిదికి వాచ్ అంటే ఏడూ నలభైకే ఓడ నడిపే పైగది, ఆ బ్రిడ్జి మీద ఉండు. మెస్‌రూము ట్యూబులైటు కింద చపాతీ తిని పైకెక్కినవాడికి చీకట్లో ఏమీ ఆనదు. కన్ను చీకటికి అలవాటు పడ్డానికి పావుగంటకి పైనే పడుతుంది. మధ్యలో ఒక్కసారి సెల్‌ఫోన్ తెర చూశావా, ఆ పావుగంటా మళ్ళీ మొదటికొస్తుంది. చీఫ్ ఆఫీసరు ఓడ దిశా, వేగం, చుట్టుపక్కల ఓడలూ గడగడా అప్పజెప్పేసి దిగిపోదామని చూస్తాడు, పగలంతా సరుకు హోల్డుల్లో తిరిగి వాచ్‌కొచ్చిన మనిషి. నువ్వు మాత్రం కెప్టెన్ నైట్ ఆర్డర్లు చదివి, సంతకం పెట్టి, నీ కళ్ళతో నాలుగువైపులా చూసుకున్నాకే ‘వాచ్ నాది’ అను. ఎదురొచ్చే ఓడని తప్పించే పని సగంలో ఉంటే అది పూర్తయ్యేదాకా తీసుకోకు. అలాగే పన్నెండింటికి సెకండ్ మేట్ తూలుతూ వస్తే అప్పజెప్పకు, కెప్టెన్‌కి ఫోన్ కొట్టు. వాడు నీకెంత దగ్గరివాడైనా సరే.

ఇప్పుడు ఇంట్లో ఎవరికీ చెప్పని సంగతొకటి రాస్తాను.

థర్డ్ మేట్‌గా అది నా రెండో ఓడ. పారాదీప్‌లో బొగ్గెత్తుకుని చెన్నై పోతున్నాం. రాత్రి పది దాటింది. కళింగపట్నం లైటు కుడివైపు తిరుగుతోంది. మన ఊరి ఒడ్డు దాటి ఎంతసేపయిందా అని మనసులో లెక్కలేస్తూ, మొహం రాడార్‌కి అంటించి నిలబడ్డాను. గాలి ఉంది, కెరటాల మెరుపులు తెరంతా చల్లినట్టు వస్తుంటే వాటిని చెరిపే సీ క్లట్టర్ మీట బాగా తిప్పేశాను. తెర శుభ్రంగా, అద్దంలా అయింది. నాకు అదే నచ్చింది.

చుక్కాని దగ్గర మినికాయ్ ద్వీపం మనిషి, పెద్దాయన. ‘సాబ్, బత్తీ’ అన్నాడు. తెర చూసి ‘ఏమీ లేదు’ అన్నాను. ఆయన మళ్ళీ ‘బత్తీ’ అన్నాడు, ఈసారి చెయ్యి చాపి. విసుక్కుంటూనే బైనాక్యులర్ పట్టుకుని బ్రిడ్జి పక్కన బయటికుండే వింగ్ మీదకెళ్ళాను. ముక్కుకి కాస్త ఎడమగా, కెరటం లేచినప్పుడు కనబడి పడినప్పుడు మాయమవుతూ, చిన్న పసుప్పచ్చ చుక్క. అది పక్కలకి ఊగుతోంది. ఎవరో టార్చిలైటు ఊపుతున్నారు.

‘హార్డ్ స్టార్‌బోర్డ్’, పూర్తిగా కుడికి, అని అరిచాను. నిండా బొగ్గున్న ఓడ చెప్పగానే తిరుగుతుందా? చుక్కాని తిరిగిపోయింది, ముక్కు మాత్రం కదల్లేదు. కదలడం మొదలెట్టేసరికి నా చొక్కా తడిసిపోయింది. తెప్ప మన ఎడమపక్క నుంచి జారిపోయింది, మధ్యన ఓడ పొడవంత ఎడం కూడా లేదు. సైగలకి వాడే ఆల్డిస్ లైటు వేసి చూస్తే ముగ్గురు. ఒకడు వలతాడు వదల్లేదు. ఒకడి నోరు తెరిచి ఉంది, అరుస్తున్నాడు, ఇంజను మోతలో ఏమీ వినపడలేదు. మూడోవాడు ఓడ దాటిపోయాక కూడా టార్చి ఊపుతూనే ఉన్నాడు.

లాగ్‌బుక్కులో ఒక్క లైను రాశాను: చేపల బోటు కోసం దారి మార్చాము అని. రాసిందాన్లో అబద్ధం లేదు.

సెలవుకొచ్చి మన రేవులో కూర్చుంటే వలలు బాగుచేసుకుంటున్న ముసలాయనొకడు పలకరించాడు. ‘ఏటి బావూ, ఆ మజ్జిన ఓ రేతిరి ఓడొకటి మా మీదకొచ్చీసింది. లైటు ఊపి ఊపి సేతులు పడిపోనాయి. మీ ఓడోల్లకి మేం అగుపడమేటి?’ ఏ రాత్రి అని నేను అడగలేదు.

ఇంత రాయడం ఎందుకంటే, ఇప్పుడు నీ బ్రిడ్జి మీద నా రోజుల్లో లేనివి చాలా ఉన్నాయి. ఓడ పేరూ చోటూ ప్రసారం చేసే ఏఐఎస్, కంప్యూటరు మ్యాపు ఎక్‌డిస్, కదలకపోతే కూసే వాచ్ అలారం, అన్నీ. కర్ర తెప్ప, ఫైబర్ బోటు రాడార్‌కి సరిగా అందవు. క్లట్టర్ ఎక్కువ తిప్పితే అందిన కాస్తా చెరిగిపోతుంది. తెప్పలో ఏఐఎస్ ఎక్కడిది? ఢీకొనకుండా ఉండే అంతర్జాతీయ నిబంధనలు, అవే 1972 నాటి కోల్‌రెగ్స్, నీకు కంఠతా వచ్చు. అందులో 5వది కంటితో, చెవితో కాపలా కాయమని ముందు చెప్పి, ఆ తర్వాతే మిగతా సాధనాలన్నీ అంటుంది. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, అయితే అది మోటారు బోట్లకే, తెడ్డేసుకునే తెప్పలు అప్పుడూ ఉంటాయి. దారి మార్చినప్పుడు రెండు డిగ్రీలు, మూడు డిగ్రీలు అని గీకకు. ఎదుటివాడికి స్పష్టంగా తెలిసేట్టు, పెందలాడే, గట్టిగా తిప్పు. వీహెచ్‌ఎఫ్ రేడియోలో ‘నువ్వటు పో, నేనిటు పోతా’ అని బేరాలాడకు. అవతల పలికింది ఏ ఓడో నీకు రూఢిగా తెలీదు.

అనుమానమొస్తే కెప్టెన్‌ని పిలవమని స్టాండింగ్ ఆర్డర్లలో ఉంటుంది. పిలిస్తే కసురుకునేవాళ్ళూ ఉన్నారు. కసిరించుకో. ఆ రాత్రి నేను పిలవలేదు.

ఇక సంతకాల సంగతి. ప్రాణరక్షణ సామాను, అగ్నిమాపక సామాను సాధారణంగా థర్డ్ మేట్ నెత్తినే ఉంటాయి. లైఫ్‌బోటు ఇంజను వారానికోసారి స్టార్టు చేసి కనీసం 3 నిమిషాలు నడపాలి. నా మొదటి ఓడలో ఓ వారం వాన, చలి, మళ్ళీ చూద్దాంలే అని చూడకుండానే టిక్కు కొట్టేశాను. తర్వాతి రేవులో ఇన్‌స్పెక్టరు ఎక్కి ముందు ఆ బోటు దగ్గరికే నడిచాడు. తాళం తిప్పితే ‘టిక్’ మంది, అంతే. బ్యాటరీ చచ్చిపోయింది. ఆయన రిజిస్టరు తెరిచి నా సంతకం మీద వేలు పెట్టి, వేలు తియ్యకుండా నా మొహంలోకి చూశాడు. ఆ రోజు మధ్యాహ్నం కెప్టెన్ నన్ను పక్కనే కూర్చోబెట్టుకుని అన్నం తిన్నాడు, ఒక్క మాట అనలేదు. నాకు పప్పు గొంతు దిగలేదు. ఓడ మునిగితే లైఫ్‌రాఫ్టుల్ని వాటంతటవే విడిపించే హైడ్రోస్టాటిక్ రిలీజు మీద తారీఖుంటుంది, వాడిపారేసే రకమైతే రెండేళ్ళే దాని ఆయుష్షు. ఎక్కిన వారంలోనే ప్రతి వస్తువూ ముట్టుకుని చూడు. దిగిపోయే థర్డ్ మేట్ ఇచ్చిన కాగితం నమ్మకు, వాడి మనసు అప్పటికే విమానాశ్రయంలో ఉంటుంది.

విశ్రాంతి గంటల పట్టీ దగ్గర మాత్రం నీకు నీతులు చెప్పే మొహం నాకు లేదు. ఏ 24 గంటల్లోనైనా 10 గంటలు, ఏడు రోజుల్లో 77 గంటలు విశ్రాంతి ఉండాలని రూలు. ఆ పదీ రెండు ముక్కలకి మించి చెయ్యకూడదు, అందులో ఒకటి 6 గంటలకి తగ్గకూడదు. రేవులో ఆరు గంటలు పని, ఆరు గంటలు సెలవు అని డ్యూటీ వేసి, ఆ సెలవులోనే ఓడని కట్టేచోటు మార్పిస్తే ఈ లెక్క ఎక్కడ నిలుస్తుంది? నేనూ నిద్రపోయినట్టు రాశాను. ఒకసారి నిజం రాస్తే, పట్టీ ‘సరిచేసి’ మళ్ళీ పంపమని ఆఫీసు నుంచి మెయిలొచ్చింది. సరిచేసి పంపాను. నువ్వు ఇలా చెయ్యి: లెక్క తప్పేలా ఉందని తెలిసిన రోజే, తప్పకముందే, చీఫ్ ఆఫీసరుకి చూపించు. ‘సార్, రేపు నా గంటలు చాలవు, ఎవర్నైనా మార్చగలరా’ అని అడుగు. నెలాఖర్న పెడితే అది ఫిర్యాదులా కనిపిస్తుంది. ముందు చెబితే మారుస్తారు, అందరూ కాదు గానీ చాలామంది. మార్చకపోతే ఉన్నది ఉన్నట్టు రాయి. తుఫాను, ప్రమాదం వచ్చినప్పుడు కెప్టెన్ విశ్రాంతి ఆపొచ్చు, దానికి అడ్డురాకు. తర్వాత ఆ గంటలు అడిగి తీసుకో.

మన ఊళ్ళో పాడుపడ్డ నూతిలో పూడిక తియ్యడానికి దిగి ఒకడు పడిపోతే, వాణ్ణి తీద్దామని ఇంకొకడు, వాడి కోసం మూడోవాడు దిగడం విన్నావు కదా. ఓడలోనూ అంతే జరుగుతుంది, అక్కడ నుయ్యికి బదులు హోల్డో, ట్యాంకో. మూసి ఉంచిన బొగ్గు, తుక్కు ఇనుము, కర్ర దుంగలు లోపలి ఆక్సిజన్ తినేస్తాయి. కంటికి ఏమీ కనిపించదు, వాసనా రాదు. గాలిలో ఆక్సిజన్ 21 శాతం దాకా ఉండాలి, మీటరు అంతకి తక్కువ చూపిస్తే మెట్టు మీద కాలు పెట్టకు. పర్మిట్ కాగితం నింపేశారు కదా అని దిగకు. మీటరు తాడుకట్టి పైన, నడుమ, అడుగున మూడుచోట్లా దింపి అంకె నువ్వే చదువు. కింద ఎవరైనా పడిపోతే నీ మొదటి పని అలారం. ప్రాణమంతా దిగమంటుంది. గాలి సిలిండరు తగిలించుకున్న మనుషులు వచ్చేదాకా దిగకు, ఎవర్నీ దిగనివ్వకు.

రేవు పని నువ్వే నేర్చుకుంటావు. పాటుపోట్లకి తాళ్ళు బిగుసుకుంటున్నాయా, ఓడెక్కే గ్యాంగ్‌వే కింద వల ఉందా, ఓడ నీళ్ళలోకి దిగిన లోతు, అదే డ్రాఫ్టు, ఎంత అన్నవి గంటకోసారి నడిచి చూస్తే చాలు. కూలీల క్రేను హోల్డు మూతని, హాచ్ కవరుని గుద్దితే ఆ రోజే కాగితం రాసి వాళ్ళ ఫోర్‌మన్ చేత సంతకం చేయించు, తెల్లారితే అది పాతదెబ్బ అంటారు.

సారంగుని మాత్రం జాగ్రత్తగా చూసుకో. నువ్వు పుట్టకముందు ఓడెక్కిన మనిషి, నీకు ‘సాబ్’ అంటాడు. ఆ మాటకి ఉబ్బిపోయినవాళ్ళని చూశాను. తెలియని పనైతే పొద్దున్నే ఒంటరిగా పట్టుకుని ‘ఇదెలా చేద్దాం’ అని అడుగు. అడిగినందుకు నీ గౌరవమేమీ పోదు. నలుగురి ముందు తెలిసినట్టు తప్పు ఆర్డరిచ్చావా, వాళ్ళు చెప్పినట్టే చేసి చూపిస్తారు.

డబ్బు సంగతి రెండు మాటలు. జీతం ఓడ మీద ఉన్నన్నాళ్ళే, దిగాక ఇంట్లో కూర్చున్న నెలలకి చాలా కంపెనీలు పైసా ఇవ్వవు. నెల జీతం చూసి సైటు కొనకు, ఏడాది మొత్తం పన్నెండుతో భాగించుకుని చూడు. ఏప్రిల్ నుంచి మార్చిలోగా మన దేశంలో 182 రోజులకి తక్కువుంటేనే పన్నుకి ఎన్నారై లెక్క. అందుకని ఓడెక్కిన, దిగిన తారీఖులూ పాస్‌పోర్టు స్టాంపులూ ఫొటో తీసి దాచుకో. ఇంకోటి, నువ్వు ఆఫీసరయ్యావని తెలిసిన మర్నాటి నుంచి కుర్రాళ్ళు నీ చుట్టూ చేరతారు. మన కంచిలి, కవిటి వైపు ఏజెంట్ల చేతిలో లక్షలు పోసి ఎక్కడో దూరదేశంలో పాతడొక్కు ఓడలో జీతం లేకుండా ఇరుక్కున్న పిల్లల్ని చూశాను. ఓడల వ్యవహారాలు చూసే ప్రభుత్వ శాఖ డీజీ షిప్పింగ్ వెబ్‌సైటులో, ఓడలకి మనుషుల్ని చేర్చే ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్సున్న కంపెనీల జాబితా ఉంటుంది, అది చూడమను. ఓడ ఉద్యోగం ఇప్పిస్తానని కుర్రాడి దగ్గర డబ్బు తీసుకోవడమే చట్టానికి విరుద్ధమని చెప్పు.

అక్కా, ఈ ముక్క నీకు. ఉత్తరం నువ్వూ చదువుతావని నాకు తెలుసు. ఇప్పుడు ఓడల్లో వాట్సాప్ ఉందని, వాడు బ్రిడ్జి ఎక్కేముందు ఇంటి గొడవలన్నీ పంపకు. మన అమ్మ పోయిన కబురు నాకు అట్లాంటిక్ నడిమధ్యన వచ్చింది, ఏడున్నరకి. ఎనిమిదికి వాచ్. కెప్టెన్ ఆ రాత్రి నన్ను పంపించేసి వాచ్ తనే చేశాడు. అందరు కెప్టెన్లూ అలా ఉండరు. చెప్పాల్సింది వాచ్ దిగాక చెప్పు. వాడి పన్నెండుకి మనకి ఎంతవుతుందో గోడ మీద రాసి పెట్టుకో, పడమటికి వెళ్ళేకొద్దీ వాళ్ళ గడియారం వెనక్కి జరుగుతుంటుంది.

అల్లుడూ, మీ అత్త పలాస జీడిపప్పు రెండు పొట్లాలు కట్టింది. ఒకటి నీకు. రెండోది ఎక్కిన రోజు సారంగు చేతికియ్యి, ఆఫీసర్ల మెస్‌లో పెట్టకు, సాయంత్రానికి ఉండదు.

మావయ్య