అమెరికా యూనివర్సిటీ పోలీసులకు అక్రెడిటేషన్ ఉంటే క్యాంపస్ భద్రమేనా?

మీ అమ్మాయి చేరబోయే యూనివర్సిటీ పోలీసు విభాగానికి అక్రెడిటేషన్ ఉందట, ఇక టెన్షన్ అక్కర్లేదా అని అడిగారు. అది నేరాలు జరగవన్న హామీ కాదండీ. ఆ విభాగం పనితీరు నిర్ణీత ప్రమాణాలకు తగ్గట్టుందని బయటి సంస్థ పరిశీలించి ఇచ్చే గుర్తింపు.

ఈ గుర్తింపు ఇచ్చే సంస్థల్లో ముఖ్యమైనవి 1979లో ఏర్పడిన, పోలీసు విభాగాలను పరిశీలించే కాలియా (CALEA), క్యాంపస్ పోలీసు అధికారుల సంఘమైన ఐఏసీఎల్‌ఈఏ. అరెస్టు అధికారం లేని సెక్యూరిటీ విభాగాలకు కాలియాలో వేరే ప్రోగ్రాం ఉంది. రూల్స్ రాసి పెట్టుకుంటే సరిపోదు, పాటిస్తున్నట్టు రుజువు చూపాలి. బలప్రయోగం జరిగితే రిపోర్టు రాశారా, దాన్ని పైఅధికారి చూశారా, సాక్ష్యాల గదిలో వస్తువులకు లెక్క ఉందా అని అడుగుతారు. కాలియా గుర్తింపు నాలుగేళ్లకోసారి మళ్లీ తెచ్చుకోవాలి.

ఇదంతా స్వచ్ఛందం. ఖర్చూ పనీ ఎక్కువ కాబట్టి ఎన్నో మంచి విభాగాలు కూడా దీని జోలికి పోవు. నన్నడిగితే ముందు క్లెరీ రిపోర్టు చూడండి. 1990 నాటి క్లెరీ చట్టం ప్రకారం అక్కడి యూనివర్సిటీలు ఏటా అక్టోబర్ 1లోగా మూడేళ్ల నేరాల లెక్కలు బయటపెట్టాలి. అందులో హాస్టళ్ల అంకెలు విడిగా ఉంటాయి.