పరిశ్రమలు జట్టుకడితే పర్యావరణానికి ఒరిగేదేమిటి?

చిన్న పరిశ్రమలు వ్యాపార సంఘాలుగా ఏర్పడితే సుస్థిరాభివృద్ధికి నిజంగా మేలు జరుగుతుందా అన్నది ప్రశ్న. జరుగుతుంది, ఖర్చును, అనుభవాన్ని పంచుకోవడంలోనే ఆ మేలంతా ఉంది.

హైదరాబాద్‌లోని జీడిమెట్లనే తీసుకుందాం. మందుల ముడిసరుకు తయారుచేసే చిన్న యూనిట్‌కు సొంత వ్యర్థజల శుద్ధి కేంద్రం తలకు మించిన భారం కాబట్టి, అక్కడి పరిశ్రమలు కలిసి ఉమ్మడి కేంద్రాన్ని నెలకొల్పుకున్నాయి. ఇలాంటి కేంద్రాలకు ట్యాంకర్‌లో వచ్చిన నీటిని ముందుగా నమూనా తీసి పరీక్షిస్తారు. కాలుష్య తీవ్రతను బట్టి రుసుము ఉంటే, మురికిని పుట్టినచోటే తగ్గించుకోవాలన్న ఆలోచన యజమానికి తనంతట తానే కలుగుతుంది. నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఇదే.

అనుభవం పంచుకోవడానికి, పరిశ్రమల సంఘమైన భారత పరిశ్రమల సమాఖ్య (సీఐఐ) హైదరాబాద్‌ కొత్తగూడలో నడిపే సీఐఐ–సోహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ మంచి ఉదాహరణ. 2004లో రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించిన ఆ భవనంలో కప్పుమీది పచ్చికను, మొక్కల వేళ్లతో మురుగునీటిని శుద్ధిచేసే ఏర్పాటును కళ్లారా చూడవచ్చు.

అయితే సంఘ సభ్యత్వం చట్టానికి ప్రత్యామ్నాయం కాదు. కాలుష్య నియంత్రణ మండలి అనుమతులు ఏ యూనిట్‌కు ఆ యూనిట్ విడిగా తీసుకోవలసిందే.