కరణం: రాసిన కాగితమా, రాసిన మనిషా?

ప్రశ్న: మా తాతగారు కరణాల పదవి రద్దయ్యేదాకా మా ఊరి కరణం. ఆయన పెట్టెలో దొరికిన కాగితాల్లో ఒకచోట ‘కరణికం’ అనీ మరొకచోట ‘కరణీకం’ అనీ ఉంది. ఏది సరైన రూపం? పంచాంగంలోని కరణమూ ఈ కరణమూ ఒకటే మాటా? తెలంగాణలో పట్వారీ అనేది ఈయననేనా?
– ఒక పాఠకురాలు, విజయనగరం జిల్లా

జవాబు: మాట ఒకటే, అర్థాలు వేరు. ‘చేయు’ అనే అర్థమున్న ‘కృ’ ధాతువు నుంచి పుట్టిన సంస్కృత పదం కరణం; పని జరగడానికి సాధనమైనదని దాని మూలార్థం. కత్తితో కోశాడన్నప్పుడు వ్యాకరణంలో కత్తి కరణమవుతుంది, లోపలి సాధనం కనుక మనస్సు అంతఃకరణమవుతుంది. పంచాంగంలో తిథిలో సగభాగానికి కరణమని పేరు. బవ, బాలవ, కౌలవ మొదలుగా అవి పదకొండు.

సాధనమనే అర్థం నుంచి ఊరి లెక్కలు రాసే మనిషి దాకా ఈ మాట ఎలా నడిచివచ్చిందన్నదే ఆసక్తికరమైన సంగతి. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలో, అప్పు తీర్చలేనివాడు పెరిగిన వడ్డీ చెల్లించి ‘కరణం పరివర్తయేత్’ అని ఉంది. అంటే పాత పత్రాన్ని తిరగరాసి ఇవ్వాలని. ఈనాటికీ మనవాళ్లు నోటు తిరగరాయడమంటున్నది ఆ పనినే. అక్కడ కరణమంటే మనిషి కాదు, రాతపత్రం. పత్రం పేరే పత్రం రాసేవాడికి వచ్చిందని నేను అనుకుంటాను. లేఖకవృత్తిలో ఉన్నవారిని కరణులనడం కూడా పాతదే. ఒడిశాలోని కరణాలు, మీ వైపు ఉన్న శిష్టకరణాలు ఆ పేరును ఇప్పటికీ నిలుపుకొన్నారు.

ఇక రూపం సంగతి. నిఘంటువుల రూపం కరణికము. వాడుకలో దీర్ఘం వచ్చి కరణీకం అయింది. రెండూ కరణం చేసే ఉద్యోగాన్నే చెబుతాయి. మీ తాతగారి కాగితాల్లో ఏదీ తప్పు కాదు.

తెలంగాణలో ఆ పని చేసినది పట్వారీ. కోస్తాలో ఊరి పెద్ద అయిన మునసబు పక్కన కరణం ఉన్నట్టే, నిజాం ఏలుబడిలో శిస్తు వసూలు చేసే మాలీ పటేల్, శాంతిభద్రతలు చూసే పోలీస్ పటేల్ పక్కన పట్వారీ ఉండేవాడు. ఊరి భూమి, పైరు లెక్కల పుస్తకంగా కరణం రాసినది అడంగల్, పట్వారీ రాసినది పహాణీ. కరణం విస్తీర్ణం ఎకరాల్లో, సెంట్లలో వేస్తే పట్వారీ ఎకరాల్లో, గుంటల్లో వేసేవాడు. సర్వే నంబరు, అనుభవదారు పేరు, నీటి ఆధారం, వేసిన పైరు ఇద్దరి లెక్కల్లోనూ ఉండేవి. ఆ ఒక్క వరుసలో పేరు మారితే రైతు కోర్టుల చుట్టూ తిరగవలసి వచ్చేది కనుకనే ఈ మాటకు భయమూ అంటుకుంది. ఒక కరణం మరో కరణాన్ని నమ్మినా చావే గతి అని సుమతీ శతకం గట్టిగానే చెప్పింది.

ఆ అపనమ్మకానికి కారణాలున్నాయి, కాదనను. కానీ కరణమంటే మోసగాడనే ఒక్క అర్థాన్నే మిగుల్చుకోవడం అన్యాయమని నా అభిప్రాయం. ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ కోసం ఆయన సహాయకులు కావలి సోదరులు మొదలైనవారు సేకరించిన కైఫియత్తులలో, అంటే ఊళ్ల చరిత్రలలో, ఊరి పుట్టుక, చెరువు తవ్వించినవారి పేరు, గుడికి ఇచ్చిన మాన్యం వంటి వివరాలెన్నో కరణాలు తరతరాలుగా రాసి ఉంచిన ఊరి లెక్కల పుస్తకాలైన దండకవిలెల నుంచి వచ్చినవే. శాసనం కూడా లేని పల్లెకు చరిత్ర మిగిలిందంటే అది తరతరాలుగా ఆ కవిలెను దాచిన ఇంటి పుణ్యమే.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వంశపారంపర్య గ్రామాధికారుల పదవులు 1984 జనవరి 6న ఆర్డినెన్సుతో రద్దయ్యాయి. ఆ తరువాత వచ్చిన గ్రామ రెవెన్యూ అధికారిని కూడా కొన్ని ఊళ్లలో పెద్దవాళ్లు అలవాటుకొద్దీ కరణంగారనే పిలుస్తారు. మాటల్లో అది చెల్లుతుంది గాని, అర్జీలో, వ్యాసంలో రాయకూడదు. కరణికం వారసత్వంగా వచ్చినది, ఇది నియామకంతో వచ్చినది.

మీ దగ్గరున్న కాగితాల మీద సంవత్సరం ఫసలీలో, అంటే శిస్తు లెక్కల సంవత్సరంలో, ఉంటే కంగారుపడకండి. దానికి 590 కలిపితే ఆ ఫసలీ మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. జూలై 1న మొదలై జూన్ 30తో అది ముగుస్తుంది. ఆ లెక్కన మీ తాతగారు కరణంగా చేతితో రాసిన ఆఖరి అడంగల్ 1393 ఫసలీది అయివుంటుంది.