50 కిలోమీటర్ల నడక పెట్టాలంటే ముందు ఆఖరి మనిషి గురించి ఆలోచించండి

మా ఆఫీసు గ్రూపు తరఫున హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెల మీదుగా ఒక్కరోజులో 50 కిలోమీటర్ల నడక పెట్టాలనుకుంటున్నాం, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. మా కాలనీ వాళ్లం రెండుసార్లు పెట్టాం. బీబీనగర్‌లో మొదలు, ఊళ్లన్నీ చుట్టి భూదాన్ పోచంపల్లిలో ముగింపు. 1951 ఏప్రిల్‌లో వినోబా భావే ఆ ఊరికి నడిచే వచ్చారు కాబట్టి మేమూ అక్కడికే నడుద్దామని ఒక సరదా. మొదటిసారి మాత్రం పరువు పోయింది.

అందరూ వేసే లెక్కే మేమూ వేశాం. గంటకు ఐదు కిలోమీటర్లు, పది గంటల్లో అయిపోతుంది అని. రోజూ కేబీఆర్ పార్కు చుట్టూ చకచకా తిరిగేవాళ్లు కూడా 30 కిలోమీటర్లు దాటాక గంటకు మూడున్నర కిలోమీటర్లకు పడిపోతారు. మధ్యలో టిఫిన్లు, బూట్లు విప్పి చూసుకోవడాలు, ఫోటోలు. పొద్దున ఐదింటికి బయల్దేరితే ముందున్న కుర్రాడు మధ్యాహ్నం రెండున్నరకే చేరాడు. ఆఖరాయన, రిటైరైన బ్యాంకు ఉద్యోగి, వచ్చేసరికి రాత్రి ఎనిమిదిన్నర. అప్పటికి పులిహోర గిన్నె కడిగేశారు, షామియానా కుర్రాళ్లు గుంజలు పీకేస్తున్నారు. ఆయన ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

రెండోసారి అన్నీ ఆయన్నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ వచ్చాం. నీళ్ల క్యాన్ల ట్రాలీ ఆటో ముందువాళ్ల వెంట పరిగెత్తకుండా వెనకే ఉండేది. ఆఖరి మనిషి వెనకాల మాలో ఒకరు తప్పనిసరి. 35 కిలోమీటర్ల దగ్గరికి మధ్యాహ్నం మూడింటిలోపు రాకపోతే బండెక్కాల్సిందే అని ముందే చెప్పాం. ఆ మాట మొహం మీద చెప్పడానికి గట్టి మనిషిని పెట్టండి. నా వల్ల కాలేదు, మా వారిని పెట్టాను. జనవరిలో ఆరు దాటితే చీకటే కాబట్టి టార్చి లేనివాళ్లను బయల్దేరనివ్వలేదు. చీకటి పడ్డాక ఊరి కుక్కలు ఒంటరిగా వచ్చేవాళ్లను అస్సలు ఊరుకోవు.

నెల విషయంలో తొందరపడకండి. మేము మొదట అక్టోబరు అనుకున్నాం. మూడు రోజుల ముందు పెద్ద వాన, గండిపేట, హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తారు. ఆ నీళ్లన్నీ మూసీలో కిందికి వచ్చి మా దారిలోని రుద్రవెల్లి, జూలూరు మధ్య లోలెవల్ వంతెన మునిగిపోయింది. వాయిదా వేశాం, వంటవాళ్లకిచ్చిన అడ్వాన్సు పోయింది. నవంబరులో పెడదామంటే రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఆరబోసి ఉంటాయి. రైతు కష్టం మీద కాలు పెట్టి నడవలేం కదా. చివరికి జనవరి మొదటి ఆదివారం కుదిరింది. మూసీ పక్క పొలాలు పచ్చగా ఉంటాయి. వాసన సంగతి మాత్రం వచ్చేవాళ్లకు ముందే చెప్పండి, అది మన సిటీ నుంచి వెళ్లిందే.

గుర్తుల సంగతి చెబితే నవ్వుతారు. ముందురోజు సాయంత్రం మలుపు మలుపుకీ సున్నంతో బాణాలు వేశాం. అది ధనుర్మాసం. తెల్లవారుజామున ఆడవాళ్లు వాకిళ్లు ఊడ్చి, కల్లాపి చల్లి, ముగ్గులు పెట్టారు. ఊళ్లలో ఒక్క బాణం మిగల్లేదు. ఆరుగురు దారి తప్పి నాలుగు కిలోమీటర్లు పక్క ఊరివైపు పోయారు. రెండోసారి ప్రతి మలుపు దగ్గరా ఆ ఊరి కుర్రాణ్నే నిలబెట్టి, భోజనం పెట్టి, ఐదొందలు ఇచ్చాం. దారిలో కల్లు దొరికే చోటు దగ్గర మాత్రం మా మనిషే ఉండాలి, ఎందుకో చెప్పక్కర్లేదు.

పోలీసు స్టేషన్లో, దారిలో తగిలే పంచాయతీల్లో దరఖాస్తు ఇచ్చి, కాపీ మీద ముద్ర వేయించుకోండి. ఆడవాళ్లు వస్తుంటే అంతకంటే ముఖ్యం బాత్రూములు. ఊరి బడివి వాడుకోవచ్చని ఒప్పుకున్నారు, కానీ ఆదివారం గేటుకు తాళం, తాళం చెవి ఉన్నాయన పెళ్లికి పోయాడు. ఆ రోజు మేము పడ్డ ఇబ్బంది రాయను. శనివారం సాయంత్రమే తాళం చెవి చేతిలోకి తీసుకోండి.

ఇక పాదాలు. మధ్యలో ఆగిపోయినవాళ్లలో ఎక్కువమందిని ఆపింది ఆయాసం కాదు, బొబ్బలు. కొత్త బూట్లతో వచ్చినవాళ్లను 20 దాటకముందే పోల్చుకోవచ్చు. వేళ్ల మధ్య, తొడలు ఒరుసుకునే చోట వ్యాజిలిన్, సంచిలో ఇంకో జత సాక్సులు ఉండాలి. ఎక్కడైనా చురుక్కుమంటే వెంటనే ఆగి టేపు వేసుకోవాలి, ఊరొచ్చాక చూద్దాం అంటే అప్పటికే బొబ్బ లేస్తుంది. ఉత్త నీళ్లు అదేపనిగా తాగితే ఒంట్లో ఉప్పు పలచబడి కళ్లు తిరుగుతాయి. అందుకే ఓఆర్ఎస్, ఉప్పేసిన నిమ్మకాయ నీళ్లు, పల్లీ పట్టీలు పెట్టాం. పెరుగన్నం మాత్రం ఎంత పెట్టినా చాల్లేదు.

నలుగురేసి జట్లు కట్టమన్నది మా అబ్బాయి. 1981లో హాంకాంగ్‌లో గూర్ఖా సైనికుల శిక్షణగా మొదలైన ట్రెయిల్‌వాకర్ నడకలో కూడా నలుగురే జట్టు, అక్కడ 100 కిలోమీటర్లు, 48 గంటలు. ఒకరికి కాలు బెణికితే ఒకరు పక్కన కూర్చుంటారు, ఇద్దరు సాయానికి వెళ్తారు. మా బ్యాంకు ఆయన్ను రెండోసారి ముగ్గురు ఇంజినీరింగ్ పిల్లలతో కలిపాం. ఆరూ నలభైకల్లా వచ్చేశారు, వాళ్లలో ఇద్దరు ఆయన భుజాలు పట్టుకుని కుంటుతున్నారు.

మా దారి మీకు నచ్చితే రెండోసారి వాడిన మ్యాప్ పంపిస్తాను. ఆ వంతెన దగ్గరికి మాత్రం ముందురోజు మీరే వెళ్లి చూసి రండి.